రెండు తెలుపుల గుట్టు

బంగారు తొట్టి మీది పట్టుగుడ్డ తీసేసరికి ధవళకోట రాజసభకు ఊపిరి ఆగిపోయింది.

అంతకు క్షణం ముందు దాకా ఆ సభ సొగసే సొగసు. స్ఫటిక స్తంభాలకు మల్లెదండలు, పాలరాతి నేల మీద తెల్లకలువ రేకులు, ముత్యాలు దంచి పూసిన గోడలు, ఆ గోడల మీద వెన్నెలను అద్దినట్టు మెరిసే హంసల బొమ్మలు. ధవళకోటలో తెల్లనిది కానిదాన్ని లోపలికి రానివ్వరు. నల్లగొడుగుతో వచ్చిన బేరగాణ్ణి గుమ్మంలోనే ఆపేస్తారు. ఆ ముత్యాలు దంచిన ఆడవాళ్ల చేతులు ఏ రంగో మాత్రం ఎవడూ అడగడు. సరే, వర్ణనలు చాలు. తొట్టిలో ఏముందో చూద్దాం.

తొట్టిలో నీటిపాపలున్నాయి. బల్లికి, చేపకు మధ్యరకం ప్రాణి. జానెడు ఒళ్లు, నాలుగు బుల్లికాళ్లు, మెడకు అటూ ఇటూ ఈకల కుచ్చులు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. ఎన్నేళ్లు బతికినా పసిబిడ్డ రూపం పోదు. కాలు తెగితే మళ్లీ మొలుస్తుంది. ఇంకేం, దేవతలన్నారు. దేవతలన్నాక వాటితో కొందరిని చంపటం కూడా మొదలుపెట్టారు.

ఎలాగంటే, ఆ రాజ్యంలో పెళ్లికి ముందు 'పాపల పొత్తు' అని ఒక తంతు ఉంది. పెళ్లికొడుకు ఇంటి నుంచి ఒక తెల్లపోతు, పెళ్లికూతురి ఇంటి నుంచి ఒక తెల్లపెంటి, రెండిటినీ ఒకే తొట్టిలో వదులుతారు. గుడ్లు పగిలి పిల్లలు వేలెడంత అయ్యాక గుడ్డ తీస్తారు. అన్నీ తెల్లగా ఉంటే పెళ్లి. ఒక్కటి బురదరంగుగా కనిపించినా పెళ్లికూతురి రక్తంలో కల్తీ ఉన్నట్టు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు వర్ణసంకరం. శిక్ష మొసళ్ల మడుగు. పెళ్లికొడుకు రక్తంలో కల్తీ ఉంటుందేమోనన్న అనుమానం ఆ శాస్త్రం రాసినవాడికి రాలేదు. ఎందుకు రాలేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇవాళ తొట్టిలో సగం పిల్లలు బురదరంగువి. బంగారు చుక్కలున్న చిక్కని బురదరంగు. మిగతా సగం లేతపసుపు చాయ ఉన్న తెలుపు.

"వర్ణసంకరం!" అని అరిచాడు శంఖభట్టు.

ఈ శంఖభట్టు ఆస్థానంలో వర్ణ పరీక్షాధికారి, పెద్ద మంత్రగాడు. రాజుగారి తాత కాలం నుంచీ ఉన్నాడు. అయినా ముఖం మీద ముడత లేదు, మీసం మొలిచిన జాడ లేదు. పసివాడి బుగ్గలు, పెదాల మీద చెరగని చిరునవ్వు. ఆ నవ్వు చూస్తే పాలిచ్చే తల్లికి పాలు ఇంకిపోతాయి.

"ప్రభూ, ఈ లేతవన్నెవి మన వంశం తాలూకు పిల్లలు. ఈ బురదవన్నెవి రేగడిసీమ వాళ్ల పాపిష్టి రక్తం. పెళ్లికూతురు తెచ్చినది మేలుజాతి పాప కాదు. ఆవిడా మేలుజాతి రాచపిల్ల కాదు."

పెళ్లికూతురు శంప తలెత్తి నిలబడింది. రేగడిసీమ రాజు కూతురు. నల్లనేల మనిషి, నల్లని మనిషి. "మా ఇంటి తొట్టిలో పుట్టిన పాపే అది. ముత్తాతల నాటి నుంచి తెల్లగానే పుడుతున్నాయి."

"అయితే దారిలో మార్చారన్నమాట. కుండ మోసుకొచ్చినవాడు ఏడీ?"

కుండ మోసుకొచ్చిన పైడన్న అప్పటికే సభలో లేడు. 'వర్ణసంకరం' అన్న మాట చెవిన పడగానే కిటికీలోంచి దూకేశాడు. ఇంకేం, అనుమానం రుజువైపోయిందని సభంతా తలలూపింది.

రాజు ధవళవర్మ కొడుకు వైపు చూశాడు. యువరాజు కుముదుడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"పొద్దు గుంకగానే మడుగుకి," అన్నాడు రాజు.

*

మడుగుకి పంపే ఆడదానికి ఒంటినిండా పసుపు పూసి పంపటం అక్కడి ఆచారం. చంపేటప్పుడు కూడా శుభ్రం కావాలి వాళ్లకు! అందుకు కోట కింద ఒక రాతిగది ఉంది, పేరు పసుపుగది. ఒక ముసలి ముత్తైదువను మాత్రం లోపలికి వదులుతారు.

వచ్చిన ముసలమ్మ ముసుగు బొడ్డు దాకా దించుకుంది. పసుపుగిన్నె పట్టుకుని కుంటుతూ శంప దగ్గరికి వచ్చి కూలబడింది.

"చెయ్యి చాపు తల్లీ," అంది వణుకుతున్న గొంతుతో.

శంప చెయ్యి చాపింది. చాపిన చేతితో ముసలమ్మ కొప్పు పట్టి గుంజింది. కొప్పు ఊడి చేతిలోకి వచ్చింది. గుర్రపు తోక.

"అవ్వా, నీకు మీసాలెప్పుడు మొలిచాయే?"

"మెల్లగా దొరసానమ్మా, మెల్లగా! బయట కావలివాడున్నాడు," అన్నాడు పైడన్న.

పైడన్న ఎవరనుకున్నారు? రేగడిసీమ సంతల్లో పేరుమోసిన టక్కరి. కప్పపిల్లలకు కోడి ఈకలు కట్టి నీటిపాపలని అమ్మినవాడు. ఆ నేరానికి చెరసాలలో ఉంటే శంప తండ్రి విడిపించి తెచ్చాడు. ఎందుకంటే నకిలీ పాపల్ని అమ్మాలంటే అసలు పాపల్ని బాగా ఎరిగుండాలి, ఎండల్లో అంత దూరం పాపను బతికించి తేగలిగినవాడు వాడొక్కడే.

శంప పసుపుగిన్నె ఎత్తి వాడి నెత్తికి గురిపెట్టింది. "నిజం చెప్పు పైడిగా. పాపని ఎక్కడ మార్చావు? ఎవడికి అమ్ముకున్నావు?"

"నేనా! మీరే మార్చారేమోనని నేను అనుమానపడి చస్తున్నాను. పెళ్లికొడుకు ముఖం చూశాక, ఈ పెళ్లి తప్పించుకోవటానికే ఏదో చేసుంటారనుకున్నాను."

"నా ప్రాణం పెట్టి తప్పించుకుంటానా?"

"ఆ చెప్పులు చూసుకునేవాణ్ణి చేసుకోవటం కన్నా..."

గిన్నె కదిలింది. పైడన్న రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. "సరే, సరే! పారిపోయినవాణ్ణే, కానీ తిరిగొచ్చాను కదా. పాపని మార్చినవాణ్ణయితే ఈ చీర కట్టుకుని ఈ గదికి వస్తానా? నా మాట విను. మన పాప కళ్లు ఏ రంగు?"

"ఎరుపు. దానిమ్మ గింజల్లా ఉంటాయి. చిన్నప్పటి నుంచీ మేత వేసినదాన్ని, నాకు తెలీదా?"

"రాజుగారి పోతు కళ్లు?"

"ఎవరు చూశారు? దాని తల మీద ఎప్పుడూ తామరాకు కప్పుతారు. పాప కళ్లలోకి చూస్తే వంశం నాశనమవుతుందట."

"నేను చూశాను. ఇందాక ఈ వేషంలోనే హారతి పళ్లెం పట్టుకుని తొట్టి మీదికి వంగాను. పిల్లల్నీ మన పాపనీ అప్పటికే తీసేశారు, పోతు ఒక్కటే ఉంది. భట్టు గంట వాయిస్తూ అటు తిరిగాడు, నేను ఆకు ఎత్తాను. నలుపు! కాటుక చుక్కల్లా ఉన్నాయి."

"ఉంటే?"

"అందరూ 'తెలుపు' అని ఒక్క మాట అనేసి ఊరుకున్నారు. అక్కడే దెబ్బతిన్నారు. తెలుపు ఒకటి కాదమ్మా, రెండు." పైడన్న పసుపులో వేలు ముంచి నేల మీద రెండు గీతలు గీశాడు. "ప్రతి పాప ఒంట్లోనూ మసి తయారవ్వాలి, ఆ మసిని ఒళ్లంతా మోసే కూలీ ఉండాలి. అప్పుడే బురదరంగు. నల్లకన్ను తెలుపుకి మసి ఉంది, మోసే కూలీ లేడు. మసి కంట్లోనే ఆగిపోయింది, ఒళ్లు తెల్లబడింది. మన ఎర్రకన్ను తెలుపుకి కూలీ ఉన్నాడు, మసే లేదు. కంట్లో కూడా లేదు గనకనే లోపలి నెత్తురు కనిపిస్తోంది. ఇప్పుడు ఈ రెండిటికీ పెళ్లి చేస్తే?"

శంప గిన్నె కిందకి దించింది. "పిల్లకి మసి తండ్రి దగ్గర్నుంచి వస్తుంది. కూలీ తల్లి దగ్గర్నుంచి వస్తాడు."

"బురదరంగు! నిక్షేపంలాంటి రాచబిడ్డలు బురదరంగులో పుడతారు. కల్తీ లేదు, కాకరకాయా లేదు. నీ ప్రాణం దక్కింది పో!"

శంప మాత్రం సంబరపడలేదు. కనుబొమలు ముడిచింది. "అయితే అన్నీ బురదరంగులోనే పుట్టాలి. సగమే ఎందుకు పుట్టాయి?"

"సగమేమిటి? మిగతావి?"

"లేతపసుపు చాయ తెలుపు, అచ్చం మన పాపలాగే. భట్టు వంగి చూడొద్దన్నాడు, అందుకని మరీ వంగి చూశాను. వాటి కళ్లు ఎరుపు."

పైడన్న నేల మీది గీతల్లో మొదటిదాన్ని సగం చెరిపాడు. "అలా ఉండటానికి వీల్లేదు. సగం పిల్లలకి మసి లేదంటే తండ్రి దగ్గర సగం మసే ఉందన్నమాట. పైకి నల్లకన్ను, లోపల ఎర్రకన్ను దాచుకున్నాడు. వాడి అమ్మలోనో తాతలోనో ఎక్కడో ఒక ఎర్రకన్నుది ఉంది."

"ధవళకోటలో ఎర్రకన్ను పాపలు లేవు కదా?"

"లేవు. మన రేగడిసీమలోనే ఉన్నాయి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈసారి అనుమానం ఒకరి మీద ఒకరికి కాదు.

"మా మేనత్త విపుల," అంది శంప నెమ్మదిగా. "ఈ ధవళవర్మకే మొదట పెళ్లి కుదిరింది. నేను పుట్టక ముందు. ఆవిడ కూడా మా ఇంటి పాపనే తెచ్చింది. ఆవిణ్ణి కూడా ఈ మడుగులోనే తోశారు. ఆవిడ తొట్టిలో పుట్టిన పిల్లల్ని చంపేశామని చెప్పారు."

"చంపారని ఎవడు చెప్పాడు?"

"శంఖభట్టు."

పైడన్న నేల మీద చెవి పెట్టాడు. గదిలో పసుపునీళ్లు పోవటానికి ఒక తూము ఉంది. దాని మీద రాతిపలక. పలక సందులోంచి బుగ్గకి తగిలేలా చల్లని గాలి. బయట రాళ్లు పగిలే ఎండ, ఇక్కడేమో మంచులాంటి గాలి.

"నీటిపాప వేడినీళ్లలో బతకదు," అన్నాడు. "కింద ఎవడో చల్లనీళ్లు నిలవ చేసి పెంచుతున్నాడు. పట్టు, పలక లేపు. రాజకుమార్తెవి, పలక ముట్టుకుంటే వర్ణం పోతుందేమో?"

"నోరుముయ్, అవ్వా!" అంది శంప, పలకను ఒక్క ఊపున లేపింది.

*

తూములో పాకారు, జారారు, దొర్లారు. పైడన్న చీర ఒక మేకుకి చిక్కి చిరిగింది. ఒక మలుపులో పాము, ఇంకో మలుపులో దాని చెలికత్తె. శంప మెడలో పూలదండ తీసి విసిరితే రెండూ దాని మీద పడి కాటేసుకున్నాయి. ఆ సందులోంచి దూరి కిందికి దబ్బున పడ్డారు.

పడినచోట లోకం మారిపోయింది. కొండ కడుపులో గుహ. పైకప్పు నిండా వజ్రాల్లాంటి రాళ్లు, ఎక్కడి నుంచో వచ్చిన ఒక్క వెలుగుచారను పట్టుకుని ముక్కలు చేసి పంచుకుంటున్నాయి. ఆ వెలుగు కింద మెట్లు మెట్లుగా నీటిగుంటలు. ప్రతి గుంటలోనూ పాపలు, నాచు మీద పడుకుని, ఈకల కుచ్చులు ఆడిస్తూ, ఏదో తెలిసినట్టు నవ్వుతూ. బురదవి, నల్లకన్ను తెల్లవి, ఎర్రకన్నువి, అన్నీ ఒకే గుంటలో, ఒకదాని మీద ఒకటి. ఆ గుంటల్లో వర్ణధర్మం లేదు. వానపాము దొరికితే చాలు వాటికి.

ఒక రాయి వచ్చి పైడన్న చెవి పక్కన పగిలింది.

"ఎవరే మీరు? భట్టు పంపాడా?"

గుంటల మధ్య ఒకావిడ నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, నల్లని ఒళ్లు, కాలికి గొలుసు. చేతిలో ఇంకో రాయి.

"నేను రేగడిసీమ శంపని. మీరు..."

"అలాగే అంటారు. పోయినసారి వచ్చింది కూడా రేగడిసీమ నుంచే అంది, భట్టు దాసీ. చెప్పు, మన ఇంట్లో పాపకి వానపాము ఎలా వేస్తారు?"

"ఉప్పునీళ్లలో కడిగి."

రాయి లేచింది.

"ఆగు అత్తా! నిజంగా నువ్వో కాదో చూద్దామని అలా అన్నాను! కడగరు! మన ఇంట్లో కడగరు! మట్టితోనే వేస్తారు. కడిగి వేసేవాళ్లకి పాప మొహం తిప్పుకుంటుందని మా నాయనమ్మ తిడుతుంది!"

"ఏమని తిడుతుంది?"

శంప పైడన్న వైపు చూసింది. చెప్పక తప్పలేదు. ఆ తిట్టు నేనిక్కడ రాయను. విన్నాక పైడన్న చెవులు ఎర్రబడ్డాయి, ఆవిడ చేతిలోంచి రాయి జారిపోయింది.

"మా అమ్మే," అంది విపుల. అంతే, మేనకోడలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కింది. ఏడవలేదు. "ఏమే కోడలా, నిన్ను కూడా ఇక్కడికే తెచ్చారుటే, వాళ్ల పొయ్యిలో మన్నుపొయ్య! ఈ చీర కట్టిన దున్న ఎవడు?"

"మన మనిషే. నమ్మొచ్చు. అంటే... కొంచెం నమ్మొచ్చు."

పైడన్న శంప కొప్పుసూది లాక్కుని గొలుసు తాళంలో తిప్పటం మొదలుపెట్టాడు. చెరసాలలో నేర్చిన విద్య ఊరికే పోలేదు. అది తిరుగుతున్నంతసేపూ విపుల చెబుతూనే ఉంది.

ఆవిణ్ణి మడుగులోకి తోసిన రోజు భట్టు ముందే మొసళ్ల కడుపులు నింపి పెట్టాడు. జనం వెళ్లాక బయటికి లాగి ఈ గుహలో కట్టేశాడు. ఎందుకు? పాపల్ని పెంచటం వాడికి చేతకాదు. ధవళకోట పవిత్ర వంశం పాపలన్నీ ఆ ఏడాదే వేడికి చచ్చాయి, ఒక్కటి మిగల్లేదు. ఆ సంగతి రాజుకి తెలిస్తే భట్టు తల ఉండదు.

"అప్పుడు నా తొట్టిలో పుట్టిన బురదపిల్లలే దిక్కయ్యాయి. వాటినే పెంచాను. పెరిగి జత కట్టాయి. బురదవాటికి తెల్లవి పుట్టాయి. నల్లకన్నువీ పుట్టాయి, ఎర్రకన్నువీ పుట్టాయి. దాగిన రంగులన్నీ బయటికొచ్చాయి. వాడు నల్లకన్నువాటిని ఏరి బంగారు తొట్టిలో పెట్టాడు. వాళ్ల సభలో తామరాకు కప్పుకుని పూజలందుకుంటోందే, ఆ దేవత, నన్ను ఏ పిల్లల కోసం చంపమన్నారో ఆ పిల్లల కొడుకు!"

పైడన్న చెయ్యి ఆగిపోయింది. శంప నవ్వటం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది.

"ఇంకోటి. వాడి ముఖం చూశారా? పాప కాలు విరిచి కషాయం కాచుకు తాగుతాడు. దానికి మళ్లీ మొలుస్తుంది, వాడికి మళ్లీ ఒక ఏడాది పసితనం. ఒకసారి నేనడిగాను, పాపని మొత్తంగా మింగితే ఏమవుతుందని. మొదటిసారి వాడి నవ్వు ఆగిపోయింది."

తాళం ఊడింది. అదే సమయానికి పైనుంచి డప్పు మొదలైంది. పొద్దు గుంకుతోంది. తూము లోపల కావలివాళ్ల కేకలు. పసుపుగది ఖాళీ అని తెలిసిపోయింది.

"దారి?" అన్నాడు పైడన్న.

"ఒక్కటే. మడుగులోంచి." విపుల ఊడిన గొలుసు చేతికి చుట్టుకుంది. "ఆ మొసళ్లకి మేత వేసేది నేనే. ఈ గొలుసు చప్పుడు ఎటు వినిపిస్తే అటు పోతాయి. మీరు ఆ బురదజతనీ, వాటి పిల్లల్నీ కుండలోకి తోడండి. తొందరగా! నీళ్లు నిండుగా పొయ్యి, సన్నాసీ, పాపలు ఊపిరాడక చస్తాయి!"

*

మొసళ్ల మడుగు ఒడ్డున ధవళకోట అంతా తెల్లబట్టలు కట్టుకుని నిలబడి ఉంది. పడమట పొద్దు ఎర్రగా కరిగి మడుగులోకి కారుతోంది. శంఖభట్టు సాక్ష్యం కోసం బంగారు తొట్టిని చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లికూతురు పారిపోయిందని అప్పుడే భటుడొచ్చి రాజు చెవిలో చెప్పాడు.

"పారిపోవటమే రుజువు ప్రభూ," అంటున్నాడు భట్టు.

మడుగులో ఒక మూల గొలుసు గలగలలాడింది. మొసళ్లన్నీ తోకలు కొట్టుకుంటూ ఆ మూలకి పరుగెత్తాయి. ఈ మూల మెట్ల మీదికి ఇద్దరు ఎక్కి వచ్చారు. ముందు కుండ నెత్తిన పెట్టుకున్న శంప. వెనక చిరిగిన చీరలో మీసాల ముసలమ్మ. ఆ మూల గట్టు మీద గొలుసు ఊపుతూ నెరిసిన జుట్టు మనిషి.

తలారి ఉరికి వచ్చి శంప భుజం మీద చెయ్యి వేశాడు. రాజు మాత్రం గొలుసు ఊపుతున్న మనిషినే చూస్తున్నాడు. మోకాళ్లు మడతపడ్డాయి.

"విపులా!"

"కూర్చోండి రాజా, కూర్చోండి. నిలబడే కాళ్లు మీకు అప్పుడూ లేవు," అంది విపుల.

శంప కుండ దించి జనం ముందు పెట్టింది. "రండి, చూడండి! దూరంగా కాదు, వంగి చూడండి! ఈ రెండూ విపుల తొట్టిలో పుట్టిన బురదపాపలు, మీ శాస్త్రం చంపమన్నవి. ఇవి వీటి పిల్లలు. నల్లకన్ను తెల్లవి, ఎర్రకన్నువి, బురదవి, ఒక్క కడుపున పుట్టాయి. ఇప్పుడు ఆ బంగారు తొట్టిలో తామరాకు తీయండి. మీ దేవతకి నల్లకళ్లే ఉంటాయి, కానీ లోపల ఎర్రకన్ను దాచుకుంది, అందుకే ఇవాళ దానికి ఎర్రకన్ను పిల్లలు పుట్టాయి. ఈ కుండలో తమ్ముళ్లున్నారు, పోల్చి చూసుకోండి!"

జనంలో గుసగుస. ముత్యాలు దంచే ఒక ముసలామె ముందుకొచ్చి కుండలోకి వంగింది. తరవాత నెమ్మదిగా భట్టు వైపు తిరిగి చూసింది. ఇంకొకరు చూశారు. ఇంకొకరు. ఒక్కొక్క ముఖమే కుండ నుంచి భట్టు మీదికి తిరుగుతోంది. ఇన్నాళ్లూ పెళ్లికూతుళ్ల మీదికి తోలిన అనుమానం ఇంటికి తిరిగొస్తోంది.

"అబద్ధం!" అన్నాడు భట్టు. నవ్వు మాత్రం పోలేదు. "రాజుగారి పాపలో ఎర్రకన్ను చుక్క కూడా లేదు!"

"భట్టూ, ఆకు తీయి," అన్నాడు రాజు.

"ప్రభూ, వంశం నాశనమవుతుంది."

"ఆకు తీయవయ్యా!"

శంఖభట్టు ఆకు తీశాడు. అందరూ మెడలు చాచారు. ఆ మెడలు ఇంకా చాస్తుండగానే వాడు రాజుగారి నీటిపాపను తోకతో పట్టి ఎత్తి, నోరు తెరిచి, ఒక్క గుటకలో మింగేశాడు.

"ఏదీ?" అన్నాడు పెదాలు తుడుచుకుంటూ. "ఎక్కడుంది మీ సాక్ష్యం?"

ఆ మాట సగంలోనే గొంతు గురగురమంది. మెడకు రెండు పక్కలా చర్మం చీలింది. చీలికల్లోంచి ఎర్రని ఈకల కుచ్చులు తాటిమట్టలంత పొడుగున విచ్చుకున్నాయి. వేళ్లు కలిసిపోయాయి. చిరునవ్వు చెవుల దాకా సాగింది. గాలి ఆడక గిలగిల కొట్టుకుంటూ మడుగు వైపు దూకాడు. దూకుతూ దూకుతూ మెట్టు మీదున్న పైడన్న కాలిని దొరకబుచ్చుకున్నాడు.

"దొరసానమ్మో!" అన్న కేక, చిరిగిన చీర, మీసాలు, అన్నీ కలిసి మడుగులో మునిగిపోయాయి.

జనం ఒడ్డుకి విరగబడ్డారు. నీళ్లు ఒక్కసారి తేరుకున్నాయి. అడుగు నుంచి ఒక తెల్లని పెద్ద ముఖం పైకి చూస్తోంది. ఏ పాపలో ఎర్రకన్ను చుక్క కూడా లేదని వాడు ప్రమాణం చేశాడో ఆ పాప లోపల దాచుకున్నదంతా వాడిలోంచి బయటపడింది. ఆ రెండు కళ్లూ దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరుస్తున్నాయి.

తలారి చెయ్యి శంప భుజం మీది నుంచి దానంతటదే జారిపోయింది. రాజు ఏదో అనబోయాడు. తప్పయింది అనబోయాడో, వదిలేయండి అనబోయాడో, వినేంత తీరిక శంపకు లేదు.

"అత్తా, గొలుసు ఆపకు!" అంది.

తలారి మొలలోని కత్తి లాగింది. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. ఎందులోకి తోస్తామని వాళ్లు డప్పు కొట్టారో ఆ మడుగులోకి, ఎవరూ తొయ్యకుండానే, తల ముందుగా దూకింది.